ఇంకొకరి వాక్యం

నా బంగారు అమ్మకి,

నీ ఉత్తరం అందింది. కవరు చూడగానే మనసు కలుక్కుమంది. మీద ఉన్న చేతిరాత సంఘం అత్తది కాదు. నేను ఉద్యోగానికి వచ్చిన దగ్గర్నుంచీ నువ్వు చెప్పడం, అత్త రాయడం, చివర్లో అత్త తన సొంతంగా, నాకు పెట్టిన ముద్దుపేరుతో "పంతులూ, వేళకి తిను, నీళ్ళు ఎక్కువ తాగు" అని ఒక ముక్క తగిలించడం, అదే కదా మన ఉత్తరం. ఈసారి ఆ ముక్క లేదు. మందుల షాపు అన్నయ్య రాసిపెట్టినట్టున్నారు. ఆయనకి నా కృతజ్ఞతలు చెప్పు. డాక్టర్లతో సావాసం వల్ల కాబోలు, ఆయన రాత కూడా మందుల చీటీలాగే ఉంది. కొన్ని మాటలు ఊహించుకుని చదివాను. దీన్ని నీకు చదివి వినిపిస్తున్నదీ ఆయనే అయితే, అన్నయ్యా, నొచ్చుకోకండి.

నువ్వు రాయించిన సంగతి రెండుసార్లు చదివితేగానీ తలకెక్కలేదు. మన వీధి పొదుపు సంఘానికి తాళం వేశారనీ, షట్టరు మీద కాగితం అంటించారనీ, దాన్ని మందుల షాపు అన్నయ్య అందరికీ చదివి వినిపించారనీ, అందులో సంఘం కార్యదర్శి చనిపోయినవాళ్ళ పేర్ల మీద అప్పులు రాసుకుని తినేసిందని ఉందనీ. కార్యదర్శి అంటే మన అత్తే. పక్కింటి గోడ తప్ప మనకీ ఆవిడకీ మధ్య ఏ అడ్డూ ఉండేది కాదు. రక్తసంబంధం లేకపోయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ అత్తే. ఇప్పుడు నువ్వు గోడకి ఇటూ ఆవిడ అటూ కూర్చుని పలకరించుకోవడం లేదంటే ఏం రాయాలో తోచడం లేదు. ఉత్తరం చివర నువ్వు చెప్పిన మాట మరీ గుచ్చుకుంది. "మీ నాన్న పేరు కూడా వాడుకుందేమో కనుక్కో. ఆ కాగితం మీ ఆఫీసుదేనట."

అవునమ్మా, మా ఆఫీసుదే. పొదుపు సంఘాలు, చీటీల కంపెనీలు, చిన్నచిన్న అప్పులిచ్చే సంస్థలు, అన్నిటి మీదా మా ఆఫీసు కన్నేసి ఉంచుతుంది. తప్పు చేస్తే జరిమానా వేస్తుంది, పెద్ద తప్పయితే లైసెన్సు తీసేసి మూయిస్తుంది. నేనుండేది ఉత్తర్వుల విభాగంలో. పెద్దవాళ్ళు రాసిన చిత్తుప్రతినీ టైపు చేసి వచ్చిన ప్రతినీ పక్కపక్కన పెట్టుకుని తప్పులు చూడటం నా పని. నాన్న ఉంటే, గోడకి రంగు వేశాక మచ్చలు వెతికే పనన్నమాట, అని నవ్వేవారు. మన సంఘం ఉత్తర్వు నా బల్ల మీదికి రాలేదు. ఇంకొకరు చూసి ఉంటారు.

ఒక్క మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. మా ఆఫీసు ఒక సంస్థని ఊరికే మూయదు. తనిఖీకి మనుషులు వెళతారు, కాగితాలు చూస్తారు, తర్వాత పైవాళ్ళు కూర్చుని ఆలోచిస్తారు. నిజం కాకపోతే రాయరమ్మా. అత్త అలాంటి పని చేసిందని నమ్మలేను. అచ్చయిన కాగితంలో అబద్ధం ఉంటుందనీ నమ్మలేను. ఈ రెంటి మధ్యా నాలుగు రోజులుగా నలుగుతున్నాను. ఆ ఉత్తర్వు నకలు ఎవరి చేతనైనా రాయించి పంపు. చూశాక చెబుతాను. అంతవరకూ నువ్వు అత్తని ఏమీ అడగకు.

నీ పంతులమ్మ

*

అత్తా,

నువ్వు పంపిన కవరు వచ్చింది. అమ్మని అడిగితే నువ్వు పంపావు. విప్పితే ఉత్తర్వు మొత్తం నీ చేతిరాతలో ఉంది. ముందొక పలకరింపు లేదు, వెనకొక దీవెన లేదు. చివర్న "వేళకి తిను" కూడా లేదు. నీ మీద వేసిన నిందని నువ్వే గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా కొట్టివేత లేకుండా రాసి పంపావు. అంత ఓపికగా ఎలా రాయగలిగావత్తా?

చదువుతూ చదువుతూ పద్నాలుగో పేరా దగ్గర ఆగిపోయాను. "సదరు మృతులు జీవించి ఉండగా చేసినట్టుగానే సంతకాలు చేయించి" అన్న మాట దగ్గర. ఆ వాక్యం నాకు తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సరిచూసిన ఒక ఉత్తర్వులో ఉంది. అది మన సంఘం గురించి కాదు, ఎక్కడో దూరాన ఉన్న ఇంకో సంఘం గురించి. చచ్చినవాళ్ళ చేత సంతకాలు ఎలా చేయిస్తారు, ఇది అర్థం వచ్చేలా మారిస్తే బాగుంటుందేమో అని అప్పుడే అడిగాను. మా సీనియరు మార్చలేదు. ఆ రోజు ఆ మాట తలుచుకుని మధ్యాహ్నం భోజనాల దగ్గర నవ్వుకున్నాను కూడా. అదే వాక్యం, అదే వంకరతో, ఒక్క అక్షరం తేడా లేకుండా నీ నెత్తిన కూర్చుంది.

మా సీనియరు గురించి ఎప్పుడో రాశాను, కామా గారని. ప్రతి మాటకీ ఒక కామా పెడతారు కాబట్టి ఆఫీసంతా ఆయన్ని అలాగే అంటుంది. చెడ్డమనిషి కాదు. నాకు పని నేర్పింది ఆయనే. వెళ్ళి అడిగాను. ఈ వాక్యం మీరు ఇంతకుముందు ఇంకో ఉత్తర్వులో రాసింది కదండీ అని. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశారు.

"రాసింది కాదమ్మా, వాడింది. బాగా కుదిరిన వాక్యాన్ని ఒక్కసారికే పారేస్తామా?"

అప్పుడు తెలిసింది నాకు మా ఆఫీసు పద్ధతి. ఇన్నాళ్ళూ పక్కనే కూర్చుని కూడా చూడలేదు. ఫలానా సంస్థని మూయాలి అన్న నిర్ణయం పైనుంచి ఒక్క ముక్కలో వస్తుంది. ఎందుకు మూయాలో అందులో ఉండదు. ఆ ఎందుకును ఉత్తర్వుల విభాగం చూసుకోవాలి. దానికోసం ఆయన దగ్గర పాత పేరాలు దాచిపెట్టి ఉన్నాయి. అచ్చులు అంటారు వాటిని. అప్పుల అచ్చు, డిపాజిట్ల అచ్చు, ప్రజాహితం అచ్చు. కొలతలు తీసుకోకుండా ముందే కుట్టి ఉంచిన చొక్కాల్లాగా. సంఘం అనగానే చేతికందిన సంఘం అచ్చు తొడిగేశారు. అది ఎవరి ఒంటికి కుట్టిందో గుర్తులేదు ఆయనకి. మరి ఆ సంఘం వాళ్ళు అలాంటి తప్పు చేయకపోతేనో అని అడిగితే, ఇంకేదో చేసే ఉంటారు కదమ్మా, తనిఖీవాళ్ళు ఊరికే మూయమంటారా అన్నారు. ఎక్కువ రాసినకొద్దీ అప్పీలులో పట్టుకోవడానికి ఎక్కువ దొరుకుతుందనీ, పొట్టిగా ఉన్న ఉత్తర్వుకి ఆయుష్షు ఎక్కువనీ చెప్పారు.

అత్తా, నేను అమ్మకి రాసిన ఉత్తరంలో ఒక మాట ఉంది. నిజం కాకపోతే రాయరని. మందుల షాపులో దాన్ని గట్టిగా చదివే ఉంటారు, నీ చెవిన పడే ఉంటుంది. నన్ను క్షమించు. నేను నా చదువుని నమ్మినట్టే అచ్చుని నమ్మాను.

కారణం రాయకపోవడం అంటే ఏముందిలే, ఒక పేరా తక్కువ, అంతే అనుకునేదాన్ని. ఇప్పుడు తెలుస్తోంది. మూశాం అని ఊరుకుంటే వీధిలో పదిమందీ తలా ఒక కారణం కల్పించుకుంటారు. ఇంకొకరి కారణం తెచ్చి అంటిస్తే అందరూ దాన్నే పట్టుకుంటారు. మా అమ్మ కూడా పట్టుకుంది. నీ వాకిట్లో నా అక్షరాభ్యాసం చేయించిన మా అమ్మ.

నేను మేడమ్ దగ్గరికి వెళ్ళాను. మా విభాగానికి పెద్ద ఆవిడ, మాట తక్కువ. రెండు ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూశారు. "ఈ సంఘం నీకేమవుతుంది?" అన్నారు. మా వీధిది మేడమ్, కార్యదర్శి మా అత్త అన్నాను. అయితే ఫైలు నువ్వు ముట్టుకోకూడదు, విచారణ గదిలోకి కూడా రాకూడదు, కానీ ఫిర్యాదు ఎవరైనా ఇవ్వొచ్చు, నువ్వూ ఇవ్వొచ్చు అన్నారు. బయటికొచ్చి అక్కడే బల్ల మీద రాసి ఇచ్చేశాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదనీ, ఖాయం చేసేది ఈ ఆఫీసే అనీ కామా గారు గుర్తు చేశారు. బెదిరించడానికి కాదు, పాపం, నిజంగానే నా గురించి దిగులుపడ్డారు.

నీకు పిలుపు వస్తుంది. వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పు చాలు. కొత్తగా, పూర్తి కారణాలతో ఉత్తర్వు రాస్తామన్నారు మేడమ్. దాన్ని కూడా అదే షట్టరు మీద అంటిస్తారు. మందుల షాపు అన్నయ్య దాన్ని కూడా గట్టిగా చదవాలి.

నీ పంతులు

*

అత్తా,

నీ కార్డు వచ్చింది. ఇంత కార్డు మీద ఇంత తక్కువ ఎవరూ రాసి ఉండరు. "ఆ కాగితం అలాగే ఉండనీ పంతులూ. నువ్వు నీ పని చూసుకో." అంతే.

ఎందుకు ఉండనివ్వాలి? నువ్వు చేయలేదని నాకు తెలుసు. చేయలేదని చూపించే దారి ఉంది. నువ్వే వద్దంటున్నావు. ఎందుకు వద్దో చెప్పడం లేదు. కారణం చెప్పకుండా తీర్పు చెప్పేస్తే మా ఆఫీసుకీ నీకూ తేడా ఏముంది?

అమ్మ మళ్ళీ రాయించింది. నువ్వు వీధి కుళాయి దగ్గరికి కూడా అందరూ వెళ్ళిపోయాక వస్తున్నావట. అద్దెకున్నవాళ్ళ పిల్లలు నిన్ను చూసి ఏదో అంటే అమ్మ లోపలికి పిలిచి తిట్టిందట. కానీ నీతో మాత్రం మాట్లాడలేదట. తిట్టడానికి నోరొచ్చినదానికి నిన్ను పలకరించడానికి ఎందుకు రాదో ఆవిడకే తెలియాలి. మీ ఇద్దరి మధ్యా నేను ఇక్కడ కూర్చుని కుళ్ళిపోతున్నాను.

పిలుపు కాగితం నీకు ఈపాటికి అంది ఉంటుంది. రాకపోతే పాత ఉత్తర్వే ఖాయమైపోతుంది. నాకోసమైనా రా. ఇంకేమీ అడగను.

పంతులు

*

మందుల షాపు అన్నయ్యా, ఈ ఉత్తరం మీ చేతికి వచ్చి ఉంటే దయచేసి ఇక్కడే ఆపి, మడిచి మా అమ్మ చేతికి ఇచ్చేయండి. మీ మీద నమ్మకం లేక కాదు. ఇది పక్కింటి అత్త మాత్రమే చదవాల్సిన ఉత్తరం. అత్త దగ్గరికి వెళ్ళమని అమ్మకి చెప్పండి. ఎంత మొండికేసినా మీరు మాత్రం చదవకండి.

అమ్మా,

అత్త దగ్గరికి వెళ్ళావనే అనుకుని రాస్తున్నాను. తలుపేసుకుని కూర్చోండి. అత్తా, నీ గురించి ఉన్నచోట కూడా మింగేయకుండా చదువు. నీ పేరు వచ్చినచోట దగ్గు తెచ్చుకోకు.

అత్త పోయిన వారం ఇక్కడికి వచ్చింది. నీకు చెప్పి ఉండదు. ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, చేతిలో గుడ్డ సంచీ పట్టుకుని మా ఆఫీసు మెట్ల మీద నిలబడితే నాకు ఏడుపొచ్చింది. చిక్కిపోయింది. నన్ను చూడగానే "ఏంటి పంతులూ, నీ ఆఫీసులో లిఫ్టు మనుషుల్ని మింగి పైన కక్కుతోంది, మెట్లెక్కి వస్తా" అంది. నవ్వించడానికే అంది. మెట్లెక్కుతూ ప్రతి అంతస్తు దగ్గరా ఆగింది. విచారణ గదిలోకి నన్ను రానివ్వలేదు. బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు అద్దంలోంచి అత్త వీపు మాత్రం కనిపించింది. లోపల ఏం జరిగిందో తర్వాత క్యాంటీన్‌లో టీ తాగుతూ తనే చెప్పింది.

పొడుగు బల్ల మీద కవర్లు పరిచి ఉన్నాయట. మన సంఘం గదిలో అత్త కుర్చీ వెనక రేకు పెట్టె ఉండేది చూడు, తనిఖీకి వచ్చినవాళ్ళు పట్టుకెళ్ళింది దాన్నే. అందులోని కవర్లు. ఒక్కో కవరులో డబ్బు, పైన పేరు లేదు, బొమ్మ ఉంది. ఒకదాని మీద చిలక, ఒకదాని మీద కత్తెర, ఒకదాని మీద తాళంకప్ప. మేడమ్ ఒక్కొక్కటీ ఎత్తి ఇది ఎవరిదండీ అని అడిగారట. తెలీదమ్మా అందట అత్త. మరి ఇదో? తెలీదమ్మా. బల్ల చివరిదాకా తెలీదమ్మా.

మేడమ్ కోప్పడలేదట. విడమర్చి చెప్పారట. సంఘాన్ని మూయమనడానికి అసలు కారణం ఈ కవర్లేనట. సభ్యులు కానివాళ్ళ డబ్బు లెక్కల్లో చూపించకుండా దాచడం నిబంధనలకి విరుద్ధం. తనిఖీవాళ్ళు రాసింది అదే. చనిపోయినవాళ్ళ ఊసే అందులో లేదు. "ఇది రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు. తప్పు మాదే" అన్నారట మేడమ్, అత్త ముందే. ఆ మాట విని అత్తకి ఆవిడ మీద గౌరవం కలిగిందట. కానీ మేడమ్ ఇంకో మాట కూడా చెప్పారు. మీ మీద పడిన మచ్చ పూర్తిగా పోవాలంటే అసలు కారణం పూర్తిగా రాయాలి. అలా రాయాలంటే ఈ డబ్బు ఎవరిదో వాళ్ళ పేర్లు ఉత్తర్వు వెనక జోడించాలి. లేకపోతే, ఇదంతా కార్యదర్శి సొంతానికి దాచుకుందని రేపు ఎవరైనా అంటారు. పేర్లు చెబితే వాళ్ళ డబ్బు వాళ్ళకి తిరిగి కూడా ఇప్పిస్తాం. ఇంత న్యాయంగా చెప్పినావిడకి అత్త ఏమందో తెలుసా? "మీరు చెప్పింది బాగానే ఉందమ్మా. ఆ చిలక ఎవరిదో నాకు గుర్తులేదు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. క్యాంటీన్ అని కూడా చూడకుండా గొంతు పెంచాను. ఎవరిని కాపాడుతున్నావు, వాళ్ళెవరైనా నిన్ను కాపాడటానికి వచ్చారా అన్నాను. అత్త గ్లాసు కింద పెట్టింది.

"సంఘంలో చేరాలంటే ఇంటాయన సంతకం కావాలి. ఎప్పటినుంచో ఉన్న రూలు. సంతకం పెట్టని ఇంటాయనలు మన వీధిలో ఎంతమంది ఉన్నారో నీకు తెలీదు. ఆ ఆడవాళ్ళు నా దగ్గర దాచుకున్నారు. పేర్లు రాస్తే కాగితం షట్టరు మీద పడుతుంది. ముందు చదివేది వాళ్ళ మొగుళ్ళే."

ఇక్కడికి రాబోయే ముందు అత్త వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళిందట. ఎవరికీ అనుమానం రాకుండా ఒక్కొక్కరినీ ఒంటరిగా కలిసి, పేరు చెబితే డబ్బు తిరిగొస్తుంది, చెప్పమంటారా అని అడిగిందట. ఒక్కరు కూడా సరేననలేదు. కత్తెర బొమ్మ ఆవిడ, "డబ్బు పోతే పోనీ వదినా, పేరు రానివ్వకు" అందట. చిలక బొమ్మ ఆవిడ నవ్విందట. "మా ఆయన సంతకం పెట్టనన్నప్పుడే నేను మీ సంఘంలో లేనుగా. ఇప్పుడు మాత్రం ఎందుకుంటాను?" అందట. అత్త అది చెబుతూ తనూ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

అమ్మా, ఇప్పుడు నీ సంగతి. ఆ కవర్లలో ఒకటి ఖాళీది. పాతబడి, మడతల దగ్గర చిరిగిపోయింది. దాని మీద పలక బొమ్మ ఉంది. డబ్బులేని కవరును కూడా తనిఖీవాళ్ళు ఎందుకు పట్టుకెళ్ళారో మరి. బల్ల మీద దాన్ని చూసినప్పుడు మాత్రం నోరు జారబోయిందట అత్త. "నా దగ్గర మొట్టమొదట దాచుకుంది మీ అమ్మే పంతులూ. ఆ పలక నీది" అంది.

నాకు ఇన్నాళ్ళూ తెలిసింది వేరు. నాకు తెలివి ఎక్కువని బడివాళ్ళు ఫీజు లేకుండా చదివించారని. నాన్న రంగులు వేయడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ, నిచ్చెన మీంచే, మా అమ్మాయిని బడివాళ్ళే బతిమాలి చదివించుకుంటున్నారని చెప్పేవారు. నా చదువు కోసం నువ్వు సంఘంలో చేరతానంటే నాన్న సంతకం పెట్టనన్నారనీ, నువ్వు గోడ పక్కన నిలబడి అత్త చేతిలో పొట్లాం పెట్టేదానివనీ, ఫీజు అత్త వెళ్ళి కట్టి వచ్చేదనీ ఇప్పుడు తెలిసింది. నాన్నది చెడ్డ మనసు కాదు. ఆడపిల్లకి ఎందుకని అనుకున్నారు, అంతే. తర్వాత ఆయనే అందరికంటే ఎక్కువ మురిసిపోయారు. ఆ మురిపెం ఒక అబద్ధం మీద నిలబడిందని ఏడవాలో, ఎలాగోలా నిలబడినందుకు సంతోషించాలో తెలియక టీ చల్లారేదాకా కూర్చున్నాను. ఆయన నిజం తెలియకుండానే పోయారు. అది నువ్వు దాచుకున్న దాపరికం. నేను ఎవరికీ చెప్పను.

అత్త నన్ను అడిగింది ఒక్కటే. ఫిర్యాదు వెనక్కి తీసుకోమంది. నా ఫిర్యాదు ఉన్నంతకాలం ఆఫీసు ఆ కవర్ల గురించి అడుగుతూనే ఉంటుంది. ఒక్కో ఇంటికీ మనుషుల్ని పంపి విచారిస్తుంది. అత్త చెప్పకపోయినా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు బయటపడతారు. వెనక్కి తీసుకుంటే మేడమ్ ఆ తప్పు వాక్యాన్ని మాత్రం తొలగించి, మిగతాది ఎలా ఉన్నదో అలా వదిలేస్తారు. మేడమ్‌ని కలిసి అడిగితే అవునన్నారు. ఎందుకని అడగలేదు. ఆవిడకి కొంత అర్థమైందనే నా అనుమానం.

మర్నాడు నేను వెనక్కి తీసుకున్నాను. ఎంత మథనపడ్డానో చెప్పలేను. కారణాలు రాయండి, కారణాలు రాయండి అని ఆఫీసంతా తిరిగినదాన్ని నేనే. కౌంటరు దగ్గర గుమాస్తా నా కాగితం చూసి తిరిగి ఇచ్చేశాడు. కారణం అన్నచోట ఖాళీగా ఉంటే తీసుకోకూడదట. ఏం రాయను? పెన్ను పట్టుకుని నిలబడి నిలబడి, చివరికి "వ్యక్తిగతం" అని రాశాను. అంతకంటే అర్థంలేని మాట మా ఆఫీసు అచ్చుల్లో కూడా ఉండదు. కామా గారు అటుగా వచ్చి చూశారు. ఇప్పుడు తెలిసిందా అమ్మా, అన్ని కారణాలూ రాయడానికి వీలుండవు అన్నారు, మెల్లగా. దెప్పినట్టు లేదు. నేను మాత్రం ఆగలేకపోయాను.

"రాయడానికి వీల్లేని కారణం వేరండీ, వెతకని కారణం వేరు" అన్నాను.

ఆయన వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఒక చిత్తుప్రతి నా బల్ల మీద పెట్టారు. ఒక పేరా చుట్టూ పెన్సిలు గీత ఉంది. ఇది ఎక్కడిదో గుర్తుపట్టగలవేమో చూడమ్మా అన్నారు. గుర్తుపట్టలేకపోయాను. అయినా కొట్టేశారు.

కొత్త కాగితం ఈపాటికి షట్టరు మీద అంటించి ఉంటారు. పద్నాలుగో పేరాలో ఫలానా వాక్యం తొలగించబడినదిగా భావించవలెను, అంతే ఉంటుంది అందులో. ఎందుకు పెట్టారో లేదు, ఎందుకు తీశారో లేదు. వీధిలో ఏమంటారో నాకు తెలుసు. పంతులమ్మ ఆ ఆఫీసులోనే ఉంది కదా, తీయించేసింది అంటారు. సంఘం మళ్ళీ తెరవరు. కవర్ల డబ్బు సొంతదారులు లేని సొమ్ము కింద జమ అయిపోతుంది. ఆ ఆడవాళ్ళకి ఇక దాచుకునే చోటు కూడా లేదు. అత్త లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరింది. అది ఎందుకో నీకు తెలియదు. ఒక్కొక్కరికీ కొంచెం కొంచెంగా తిరిగి ఇస్తోంది. నా జీతంలోంచి పంపుతానంటే ఒప్పుకోలేదు. నువ్వు ఇస్తే అది జాలి అవుతుంది, వాళ్ళు దాచుకున్నదవదు అంది. నేను ఏమీ గెలవలేదమ్మా. చదువుకున్నాను కాబట్టి ఏదో సరిచేయగలననుకున్నాను. ఒక వాక్యం తీయించగలిగాను.

ఈ ఉద్యోగంలోనే ఉంటాను. మానేద్దామని రెండు రోజులు అనుకున్నాను. కానీ నేను మానేస్తే ఆ పెన్సిలు గీతల ప్రతి ఇంకెవరి బల్ల మీదికి వెళుతుందో తెలియదు.

మేము ఆ కాగితంలో రాయలేని కారణాలు ఇక్కడ రాస్తున్నాను. వాటిని అడిగే హక్కు ఉన్నది నీకు. నువ్వు కనుక్కోమన్నదానికి నా జవాబు ఇది. నాన్న పేరు ఎక్కడా లేదు. చనిపోయినవాళ్ళ పేరు ఒక్కటి కూడా అత్త వాడుకోలేదు. ఆ వాక్యం మనమెవరం ఎరగని ఇంకో కార్యదర్శి గురించి ఎప్పుడో రాసింది. అత్త చేసిన తప్పు ఒక్కటే. సంతకం తెచ్చుకోలేనివాళ్ళని వెనక్కి పంపలేదు. ఆ తప్పు మొదటిసారి చేసింది నీ కోసం. నీ కోసం అంటే నా కోసం.

ఇది నీకు ముందే చెప్పొచ్చు కదా అని అత్తని అడిగాను. గోడకి అటే ఉంది కదా, ఒక్క మాట అనేస్తే పోయేది కదా అన్నాను. సంచీ తాడు వేలికి చుట్టుకుంది.

"మీ అమ్మ నన్ను ఒక్కసారే అడిగింది. మా ఆయన పేరు కూడా రాశావా అని. అలా అడిగాక నేనేం చెప్పినా సాక్ష్యం చెప్పినట్టే ఉంటుంది పంతులూ. మీ అమ్మకి నేను సాక్ష్యం చెప్పనా?"

అమ్మా, ఆవిడ చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను, అది కూడా ఆవిడ నోటితోనే.

అత్తా, ఇక్కడ చదవడం ఆపు. ఇంకేమీ లేదు. కాగితం పక్కన పెట్టి అమ్మ ఏమంటుందో విను.

మీ ఇద్దరి
పంతులమ్మ